కొచ్చిలో క్రిస్మస్: ఫొటోలో చూసిన ఇల్లు, అమ్మచ్చి ఇల్లు

డిసెంబరు 21 సాయంత్రం గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు కొచ్చిలోని ఎర్నాకుళం టౌన్ స్టేషన్‌లో దిగాం. థర్డ్ ఏసీలో నలుగురికి రానూపోనూ 11,400 అయింది. ప్రయాణం గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

అసలు కొచ్చి ఎందుకంటే, మా అత్తయ్య వల్ల. ఆవిడ పుట్టిల్లు నర్సాపురం దగ్గర పల్లె. క్రిస్మస్‌కి నెల ముందే ఇంటికి సున్నం కొట్టి, వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితాలు మైదా జిగురుతో అతికించి, లోపల బల్బు పెట్టి పొడుగాటి గెడకి ఎత్తేవాళ్లట. చెట్టంటే తోటలోంచి తెచ్చిన సరుగుడు కొమ్మ, ఇసుక నింపిన నూనె డబ్బాలో నిలబెట్టడమే. మా ఫ్లాట్‌లోనేమో పదేళ్లుగా అటక మీంచి దించే ప్లాస్టిక్ చెట్టు ఒకటే. పాప ఫోన్లో ఫోర్ట్ కొచ్చి వీధుల వీడియో చూపించి "నానమ్మా, నువ్వు చెప్పే నక్షత్రాలు ఇవేనా?" అంది. అత్తయ్య ఆ వీడియో నాలుగుసార్లు పెట్టించుకుని చూశారు. ఆ రాత్రే మావారు టికెట్లు తీసేశారు.

బస దగ్గర మోసపోయాం. ఇది వివరంగా రాస్తున్నాను, ఇంకొకరు మోసపోకూడదని.

ఆన్‌లైన్‌లో ఒక హోమ్‌స్టే ఫొటోలు చూసి మనసు పారేసుకున్నాను. పెంకుటిల్లు, అరుగు నిండా కాగితపు నక్షత్రాలు, గుమ్మం పక్కన గడ్డితో కట్టిన పశువుల పాక, లోపల చిన్న చిన్న మట్టిబొమ్మలు. కింద "సంప్రదాయ క్రిస్మస్ అలంకరణతో" అని రాసి ఉంది. రాత్రికి 3,800 చొప్పున రెండు రాత్రులు, పైగా "పండగ అలంకరణ ఛార్జీ" 600. మొత్తం 8,200 ముందే కట్టించుకున్నారు. అలంకరణకి కూడా డబ్బులేమిటని మావారు అప్పుడే అన్నారు. నేనే వినలేదు.

వెళ్లేసరికి అరుగు మీద ఒక్క నక్షత్రం లేదు. హాల్లో మోకాలెత్తు ప్లాస్టిక్ చెట్టు, కొమ్మకి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. సీరియల్ లైట్లలో సగం వెలగడం లేదు. ఫొటోలో పాక ఉన్న చోట నీళ్ల డబ్బాలు పేర్చారు. మేనేజరుని అడిగితే "ఆ ఫొటోలు అంతకుముందు ఏడాదివి, ఈ ఏడు మనుషులు దొరకలేదు" అన్నాడు. మరి 600 దేనికి తీసుకున్నారంటే, చెట్టు చూపించాడు. అత్తయ్య ఒక్క మాటా అనలేదు. గదిలోకి వెళ్లి సంచి కూడా విప్పకుండా మంచం అంచున కూర్చున్నారు. నాకు అదే ఎక్కువ బాధేసింది. డెబ్బై ఏళ్ల మనిషిని ఇంత దూరం తీసుకొచ్చి చూపించింది ఇదా అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాత్రంతా బాత్రూమ్ కుళాయి కారుతూనే ఉంది, చెప్పినా ఎవరూ రాలేదు. తెల్లారి ఖాళీ చేస్తామంటే గంటన్నర వాదించాక 1,500 చేతిలో పెట్టారు. మిగతా 6,700 పోయినట్టే.

కాబట్టి ఎవరు వెళ్లినా, వెబ్‌సైట్‌లో ఫొటో చూసి డబ్బు కట్టకండి. "ఇవాళ మీ గుమ్మం ఎలా ఉందో వీడియో కాల్‌లో చూపించండి" అని అడగండి. నిజంగా అలంకరించుకున్న ఇంటివాళ్లు సంతోషంగా చూపిస్తారు.

ఫోర్ట్ కొచ్చిలోని వెలి మైదానం దగ్గర టీ తాగుతూ ఎక్కడికెళ్లాలో తెలియక నిలబడితే, టీకొట్టు ఆయనే పక్క సందులో ఒక పెద్దావిడ గది అద్దెకిస్తుందని చెప్పి వెంట పంపించాడు. అందరూ ఆవిణ్ని అమ్మచ్చి అంటారు, మేమూ అలాగే పిలిచాం. రాత్రికి 2,200, పొద్దున టిఫిను అందులోనే. గది చిన్నది, ఏసీ లేదు, నాలుగో మనిషికి కింద పరుపు వేశారు. కానీ గుమ్మంలోకి అడుగుపెట్టగానే అత్తయ్య ఆగిపోయారు. చూరుకి వెదురు నక్షత్రం వేలాడుతోంది. ఎర్ర కాగితం, కొసలకి తెల్ల కుచ్చులు, లోపల పసుపు బల్బు. "మా నాన్న కట్టినట్టే ఉందే" అన్నారు.

ఆ నక్షత్రం దాటాక ముందు గదిలో ఒక మూల మొత్తం యేసు పుట్టిన పశువుల పాకకే వదిలేశారు. మలయాళంలో దాన్ని పుల్‌క్కూడు అంటారు. పుల్ అంటే గడ్డి, కూడు అంటే మన గూడే. అచ్చంగా గడ్డిగూడు. మాది లూథరన్ సంఘం, మా ఇళ్లలో నక్షత్రమూ చెట్టూ తప్ప పాక పెట్టడం పెద్దగా లేదు. అందుకని నేను దగ్గర కూర్చుని మరీ చూశాను. పాత వార్తాపత్రికలు నలిపి, టీ డికాషన్‌లో తడిపి ఆరబెడితే కొండలయ్యాయి. పౌడరు డబ్బా మూతంత అద్దం ముక్క చెరువు, దాని చుట్టూ సన్నటి ఇసుక. కొండకీ చెరువుకీ మధ్య పచ్చటి పైరు ఉంది. నేను ప్లాస్టిక్ గడ్డి అనుకుని వేలితో తాకితే తడిగా, మెత్తగా తగిలింది. నిజం మొలకలు! అమ్మచ్చి డిసెంబరు పదో తారీకున చోళ్లు (రాగులు) నానబెట్టి, పళ్లెంలో మట్టి పోసి చల్లిందట. రోజూ చేత్తో నీళ్లు చిలకరిస్తే పండక్కి నాలుగు వేళ్ల ఎత్తు వస్తుందట. మన పెళ్లిళ్లలో నవధాన్యాలు మొలకెత్తించినట్టే అనిపించింది నాకు.

తొట్టి మాత్రం ఖాళీగా ఉంది. యోసేపు, మరియ, గొల్లలు, ఎద్దు, గాడిద అందరూ వచ్చేశారు, శిశువు లేడు. అడిగితే 24 అర్ధరాత్రి దాకా పెట్టకూడదంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ బతికున్న ఎద్దునీ గాడిదనీ నిలబెట్టి పాకని చూపించాడని చదివాను. అది ఎన్ని సముద్రాలు దాటి, చోడి మొలకలు పెట్టుకుని ఈ ఇంటి మూలకి చేరిందో అనుకుంటే ఒళ్లు పులకరించింది.

23న ఫోర్ట్ కొచ్చి నుంచి నీళ్లు దాటి ఎర్నాకుళంలోని బ్రాడ్‌వే బజారుకి వెళ్లాం. సర్కారు పడవకి మనిషికి 6 రూపాయలు, వాటర్ మెట్రో పడవకి 40. వాటర్ మెట్రో ఏసీ, శుభ్రం, పిల్లలకి నచ్చుతుంది. గాలి కావాలంటే మామూలు పడవే ఎక్కండి. బ్రాడ్‌వే సందుల్లో నక్షత్రాలు తప్ప ఇంకేం కనపడవు. మడత కాగితం నక్షత్రం 80 నుంచి 250 దాకా, ఎల్‌ఈడీది 350 నుంచి 900 దాకా చెప్పారు. బేరం ఆడితే తగ్గుతారు. నా సలహా, కాగితపువే కొనండి. ఎల్‌ఈడీ నక్షత్రం రాత్రి మెరుస్తుంది గానీ పగలు తీగముక్కలా వేలాడుతుంది, కాగితానిది పగలు కూడా అందమే. వెలుగు కాగితంలోంచి వడగట్టినట్టు వస్తుంది, కళ్లలో గుచ్చుకోదు. మావారు 450 పెట్టి నీలం ఎల్‌ఈడీది కొన్నారు. మాకు దాని మీద ఇంకా మాట పట్టింపే.

సాయంత్రం ఫోర్ట్ కొచ్చి సందులన్నీ తిరిగి ఇళ్లు చూశాం. ఇది పూర్తిగా ఉచితం, ఈ యాత్రలో అన్నిటికంటే విలువైనదీ ఇదే. కొత్త అపార్ట్‌మెంట్లలో తెలుపు బంగారు రంగుల పద్ధతి ఎక్కువ: తెల్ల చెట్టు, బంగారు గోళీలు, ఒకే రంగు లైట్లు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, రెండు నిమిషాలు చాలు. ఎరుపు ఆకుపచ్చల పాత పద్ధతి పెంకుటిళ్లకి బాగా నప్పింది, తెల్ల గోడ, ఎర్ర పెంకు దానికి తోడయ్యాయి. ఒక ఇంట్లో పాత సీసాలు గోపురంలా పేర్చి లోపల లైట్లు పెట్టి చెట్టు చేశారు, పాప దాని ముందు నుంచి కదల్లేదు. చాలా గుమ్మాల ముందు గడ్డి కుక్కిన పాత చొక్కా ప్యాంటుతో, గడ్డంతో కూర్చున్న ముసలాయన కనిపిస్తాడు. అతను పప్పాంజి. డిసెంబరు 31 అర్ధరాత్రి పెద్ద పప్పాంజిని కాల్చి పాత ఏడాదిని సాగనంపుతారు. వెలి మైదానంలో ఉన్న మహావృక్షానికి కట్టిన దీపాలు చూడాలంటే రాత్రి తొమ్మిది లోపే వెళ్లండి, తర్వాత జనంలో పిల్లల చేయి పట్టుకోవడం కష్టం.

24 మధ్యాహ్నం జరిగింది నేను మర్చిపోలేను. అత్తయ్య సంచిలోంచి ఒక గుడ్డ మూట తీశారు. నర్సాపురం లేసుతో ఆవిడే అల్లిన తెల్ల నక్షత్రాలు, పన్నెండు, మా చెట్టుకని అల్లినవి. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఆవిడ పదేళ్ల వయసు నుంచి సూది పట్టిన మనిషి. విదేశాల్లో క్రిస్మస్ చెట్లకి కట్టే లేసు ముక్కలు కూలికి అల్లి పంపించారు గానీ, అవి ఎవరింట్లో వేలాడతాయో ఎప్పుడూ చూడలేదు. ఆ పన్నెండూ అమ్మచ్చి ఒళ్లో పెట్టారు. అమ్మచ్చి ఒకటి వెలుగుకి పట్టుకుని, అంచు మీద గోరుతో కుట్లు లెక్కపెట్టి, మలయాళంలో ఏదో అంది. అత్తయ్య తెలుగులో జవాబిచ్చారు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలీదు. అయినా గంటసేపు కూర్చుని, పాక చూరు అంచున వాటిని దారంతో కట్టారు. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, మళ్లీ విప్పి సరిచేసి. నేను టీ పెట్టి ఇచ్చినా చల్లారిపోయింది.

అర్ధరాత్రి శాంతాక్రూజ్ బసిలికాలో ఆరాధన అయ్యి ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. అమ్మచ్చి బీరువాలోంచి పత్తిలో చుట్టిన శిశువు బొమ్మ తీసి, తొట్టిలో పెట్టమని మా పాప చేతికిచ్చింది. పొద్దున కల్లప్పం, చికెన్ స్టూ, ప్లమ్ కేకు పెట్టింది. దానికి విడిగా డబ్బిస్తే తీసుకోలేదు. అత్తయ్య మూడు అప్పాలు తిన్నారు. ఇంట్లో రెండు ఇడ్లీలకే వద్దంటారు.

26న బయల్దేరాం. మూడు రాత్రులకి 6,600 ఇచ్చాం. వచ్చే ఏడాదికి కావాలంటే అక్టోబరులోనే చెప్పమంది అమ్మచ్చి. రైల్లో అత్తయ్య కొత్త క్యాలెండరు అడిగారు. ఫోన్లో తీసి చూపిస్తే కాదు, కాగితంది కావాలన్నారు. ఇంటికొచ్చాక బజారు నుంచి తెప్పించుకుని, డిసెంబరు 10 గడిలో "చోళ్లు" అని పెన్నుతో రాసి గోడకి తగిలించారు.