ఫ్లూ టీకానా, వస్తే చూసుకుందామా: ఏది మేలు?

తిరుపతిలో మా వీధిలో ఫ్లూ టీకా మాటెత్తితే ఒకటే జవాబు: "కోవిడ్ టీకాలు వేయించుకున్నాం కదా, మళ్లీ ఇదెందుకు?" అవి వేరే వైరస్‌కు వేసినవి, ఇన్‌ఫ్లుయెంజాను ఆపవు. 2021లో కొండపై దర్శనానికి రెండు డోసుల సర్టిఫికెట్టో, నెగటివ్ రిపోర్టో ఉండాలన్నారు. అప్పుడు వెనకాడినవాళ్లూ చేయి చాపారు. ఫ్లూ టీకా గురించి ఎవరూ అడగరు. ప్రభుత్వం ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల పట్టికలో లేదు కాబట్టి సొంత డబ్బుతో కొనాలి, అదీ ఏటా. నలుగురున్న ఇంటికి చిన్న ఖర్చేమీ కాదు.

"వస్తే చూసుకుందాం" అనేవారిని నేను తప్పుపట్టను. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడు వారంలో లేచి తిరుగుతాడు. శొంఠి, మిరియాల కషాయం గొంతుకు హాయినిస్తుంది కూడా. చిక్కల్లా ఆ తర్వాత మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్‌తోనే. వైరస్ మీద అది పనిచేయదు. ఫ్లూకు మందు లేకపోలేదు, కానీ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే గుణం ఎక్కువ. మనం డాక్టరు దగ్గరికి వెళ్లేది నాలుగో రోజున!

టీకా కూడా కవచమేమీ కాదు. టీకాలోని వైరస్ రకం, బయట తిరిగే రకంతో బాగా కుదిరిన ఏడాది డాక్టరు దాకా వెళ్లే ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది, అంతే. సూది వల్లే ఫ్లూ వచ్చిందనే మాట మాత్రం నిజం కాదు. అందులో బతికున్న వైరస్ ఉండదు. చేయి నొప్పి, ఒకరోజు నలత మామూలే.

కాబట్టి కుర్రవాళ్ల సంగతి వాళ్ల ఇష్టం. అరవై దాటినవారు, షుగరు, ఆయాసం ఉన్నవారు, గర్భిణులు, ఆరు నెలలు నిండిన పసిపిల్లల విషయంలో నా ఓటు టీకాకే. మన దగ్గర ఫ్లూ వానల్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి పెరుగుతుంది. టీకా గుణం కనిపించడానికి రెండు వారాలు పడుతుంది కనుక జూన్‌కు ముందే మేలు. తప్పితే బ్రహ్మోత్సవాల రద్దీకి ముందైనా సరే.

పోయిన కార్తీకంలో నాన్నకు జ్వరం వచ్చి ఐదు రోజులు మంచం దిగలేదు, షుగరు మూడు వందలు దాటింది. ఈసారి మే నెలలోనే తీసుకెళ్లాను. నర్సు ఫ్రిజ్‌లోంచి సిరంజి తీసి, అరచేతుల మధ్య కాసేపు ఉంచి, వేసింది. "ఇంతేనా?" అన్నారు నాన్న, చొక్కా చేయి దించుకుంటూ.

పక్కనే ఉన్న అమ్మ "మరి నాకో?" అంది. గాంధీ రోడ్డులోని మా కుంకుమ కొట్లో రోజంతా యాత్రికుల దగ్గుల మధ్య కూర్చునేది ఆమె. అంతవరకు ఆమెను ఎవరమూ అడగలేదు. నర్సు రెండో సిరంజి తీసింది.