ఎగ్ దీవిలో రెండు రాత్రులు

స్కాట్లాండ్ వెళ్లినవాళ్లు ఎక్కువగా స్కై దీవి చూసి వస్తారు. మేం ఈసారి దానికి దక్షిణాన ఉన్న ఎగ్‌కి వెళ్లాం. మాలెగ్ రేవు నుంచి ఫెర్రీలో గంటంబావు ప్రయాణం. మాకు మొదటి రోజు గాలి ఎక్కువై ఫెర్రీ రద్దయింది. ఆ రాత్రికి మాలెగ్‌లో రూం దొరికేదాకా ఒకటే టెన్షన్. మీరు వెళ్తే ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

మన కారు దీవికి తీసుకెళ్లడానికి వీల్లేదు. హాస్టల్లో బంక్ మంచాలే అయినా గది శుభ్రంగా ఉంది, వంటిల్లు అందరికీ ఒకటే. రేవు దగ్గర చిన్న కొట్టుంది కానీ సరుకులన్నీ ఫెర్రీలోనే రావాలి. బియ్యం, పచ్చడి పట్టుకెళ్లడం మంచిదైంది.

ఇక్కడ నాకు బాగా నచ్చింది కరెంటు సంగతి. ప్రధాన భూభాగం నుంచి లైను లేదు. 2008 దాకా చాలా ఇళ్లలో డీజిల్ జనరేటర్లే. ఇప్పుడు వాగునీరు, గాలి, ఎండ, ఈ మూడింటితో దీవివాళ్లే కరెంటు చేసుకుంటున్నారు. ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్లే హద్దు. అందుకే ఓవెన్, కెటిల్, హీటర్ అన్నీ ఒకేసారి పెట్టుకోరు. దీవిలో ఉండేది సుమారు వందమందే కాబట్టి, తమ కరెంటును తామే జాగ్రత్తగా వాడుకుంటారు.

393 మీటర్ల అన్ స్గూర్ కొండ ఎక్కితే చుట్టూ సముద్రమే. ఒక బీచ్‌లో నడిస్తే చప్పుడు చేసే 'పాడే ఇసుక' ఉంది; వాన తడికి మూగబోయిన ఆ ఇసుక మర్నాడు ఎండలో కాలికింద కిచకిచమంది. 1577లో శత్రువులు పొగబెట్టి దాదాపు 400 మందిని చంపారని చెప్పే గుహ కూడా ఉంది. లోపలికి వంగి పాకాలి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

నా మనసు మాత్రం గ్రూలిన్ అనే పాడుబడ్డ పల్లెలో ఉండిపోయింది. 1853లో గొర్రెల మేత కోసం అక్కడి 14 కుటుంబాలను వెళ్లగొట్టారు. పైకప్పు లేని రాతి గోడలు, మధ్యలో గడ్డి. ఆ తర్వాత కూడా దీవి ఒక యజమాని చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూనే ఉంది. ఇళ్లలో ఉన్నవాళ్లకు రేపేమవుతుందో తెలియదు. చివరికి దీవివాళ్లే విరాళాలు పోగుచేసి, 15 లక్షల పౌండ్లకు 1997 జూన్ 12న దీవిని కొనుక్కున్నారు. దీవివాళ్లు, అక్కడి స్థానిక ప్రభుత్వమైన హైలాండ్ కౌన్సిల్, వన్యప్రాణుల సంరక్షణ సంస్థ స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ కలిసి పెట్టుకున్న ట్రస్టు పేరున అది ఉంది.

ఒక్క రోజే వీలైతే కొండ వదిలేసి గ్రూలిన్ దారిలో నడవండి. ఆ గోడల దగ్గర కాసేపు కూర్చోండి.