ఆటలో సంగీతానికి ఏది మేలు: జీపీఎల్‌నా, సీసీ బై-ఎస్‌ఏనా?

కోడ్‌కి జీపీఎల్ (సోర్స్‌తో సహా, అదే షరతులతో పంచాలనే స్వేచ్ఛా లైసెన్సు) పెట్టాం కదా, పాటలకీ అదే పెట్టేస్తే పోదా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఆటలు చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. పెట్టొచ్చు, అడ్డేమీ లేదు. బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అనే స్వేచ్ఛా ఆట ఏళ్ల తరబడి బొమ్మల్నీ సంగీతాన్నీ జీపీఎల్ కిందే ఇచ్చింది. అన్నిటికీ ఒకటే లైసెన్సు కాబట్టి లెక్కా తేలికే. చిక్కంతా సోర్స్ దగ్గర.

జీపీఎల్ లెక్కలో సోర్స్ అంటే, మార్పులు చేసేందుకు అన్నిటికంటే అనువైన రూపం. కోడ్ విషయంలో అదేమిటో ఎవరికీ సందేహం రాదు. మరి పాటకో? ఆటలో ఉండేది ఆగ్ ఫైలు, అంటే అన్నీ కలిపి కుదించిన ఆడియో. నిజంగా మార్చాలంటే ప్రాజెక్ట్ ఫైలు, విడివిడి ట్రాకులు, మిడి (ఏ స్వరం ఎప్పుడు పలకాలో చెప్పే ఫైలు), శాంపిళ్లు (రికార్డు చేసిన శబ్దాల ముక్కలు) కావాలి. ఆ పాట డబ్బు పెట్టి కొన్న ప్లగిన్‌తో (వాయిద్యాల శబ్దాలిచ్చే సాఫ్ట్‌వేర్) చేసిందైతే, అందులోని శాంపిళ్లను పంచే హక్కు స్వరకర్తకు ఉండదు. హక్కుదారు కాబట్టి స్వరకర్తను ఎవరూ నిలదీయరు. ఇరుక్కునేది ఆ ఆటను తీసుకుని ముందుకు పంచే డిస్ట్రోలూ (డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు), ఫోర్క్ చేసినవాళ్లూ (దాన్నుంచి సొంత వెర్షన్ మొదలుపెట్టినవాళ్లు): తమ దగ్గర లేని సోర్స్‌ను ఇవ్వలేరు, ఇవ్వకుండా పంచితే లైసెన్సు తప్పినట్టు. ఫ్లాక్ ఫైలే (నాణ్యత తగ్గని ఆడియో) సోర్స్ అని సర్దుకునేవాళ్లున్నారు. ఒక్క మైకు ముందు వాయించిన గిటార్ ముక్కకైతే సరే. ఇరవై ట్రాకులు కలిపిన ఆర్కెస్ట్రా మిక్స్‌కి ఆ వాదన నిలబడటం కష్టం.

క్రియేటివ్ కామన్స్ సంస్థ రాసిన సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సు సోర్స్ ఊసే ఎత్తదు. పేరు చెప్పు, మార్చితే మార్చానని చెప్పు, మార్చినదాన్ని అదే లైసెన్సు కింద పంచు, డీఆర్‌ఎం తాళాలు (కాపీ చేయనివ్వని సాంకేతిక అడ్డంకులు) వేయకు అంటుంది, అంతే. పైగా 2015 అక్టోబరు నుంచి దాని కిందున్న కృతిని మార్చి జీపీఎల్ 3 ప్రాజెక్టులో కలుపుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ ఒప్పుకుంది. ఇది ఒకవైపు దారి. జీపీఎల్ నుంచి బై-ఎస్‌ఏకి తిరిగి రాలేం. అందుకే బై-ఎస్‌ఏ ఎంచుకుంటే జీపీఎల్ 3 వాళ్లకు తలుపు మూసినట్టు కాదు. జీపీఎల్ 2 మాత్రమే అని రాసుకున్న ప్రాజెక్టులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు, వాళ్ల కోసం బై-ఎస్‌ఏ, జీపీఎల్ 2 రెండు లైసెన్సులూ ఇవ్వాల్సిందే. క్రెడిట్స్ ఫైల్లో ‘4.0’ అన్న అంకె తప్పక రాయండి, 3.0కి ఈ ఒప్పందం వర్తించదు.

బై-ఎస్‌ఏకీ ఒక మెలిక ఉంది. వీడియోలో కదిలే బొమ్మకు టైమింగ్ కుదిరేలా పాటను జోడిస్తే, అది మార్పు చేసిన కృతే అని లైసెన్సు పాఠంలోనే ఉంది. అంటే మీ పాటతో ట్రైలర్ చేసినవాళ్లు ఆ ట్రైలర్‌నీ బై-ఎస్‌ఏ కింద ఇవ్వాలి. అది వద్దనుకుంటే పేరు చెబితే చాలనే సీసీ బై 4.0 ఉంది. అయినా సంగీతానికి నా ఓటు బై-ఎస్‌ఏకే. వీలైన చోట విడి ట్రాకులు కూడా రిపోలో (ప్రాజెక్టు ఫైళ్లుండే చోట) పెట్టండి, లైసెన్సు అడగకపోయినా తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తాయి. పెట్టేముందు శాంపిల్ ప్యాక్ షరతులు చదవాలి: లూప్‌ను (మళ్లీ మళ్లీ తిరిగే శబ్దపు ముక్క) పాటలో వాడుకోనిచ్చి, విడిగా పంచనివ్వని ప్యాకులు చాలా ఉన్నాయి. రాయల్టీ-ఫ్రీ అని ఉన్నంత మాత్రాన స్వేచ్ఛా లైసెన్సు కింద తిరిగి ఇచ్చే హక్కు వచ్చేయదు. పాత శాస్త్రీయ కృతులతోనూ ఇదే తంటా, స్వరానికి హక్కులు తీరిపోయినా ఆ రికార్డింగుకు వేరే హక్కుదారు ఉండొచ్చు.

మిగతావి క్లుప్తంగా. అడుగుల చప్పుడు, బటన్ టిక్కుల్లాంటి వాటికి హక్కులన్నీ వదిలేసే సీసీ జీరో చాలు. వందల ముక్కలకు పేర్లు రాసే పని తప్పుతుంది. ఫాంట్లకు వాటి కోసమే రాసిన స్వేచ్ఛా లైసెన్సు ఓఎఫ్‌ఎల్. ఎన్‌సీ (వ్యాపారానికి వాడొద్దు), ఎన్‌డీ (మార్చినది పంచొద్దు) ఉన్నవి వద్దు, డెబియన్ ప్రధాన విభాగమైన మెయిన్‌లోకి అవి రావు.