ఆకులు రాలుతున్న జేడ్‌కి రెడీమేడ్ సక్యులెంట్ మిక్స్: కొనొచ్చు, కానీ అలాగే పోయకండి

నర్సరీల్లో, ఆన్‌లైన్‌లో ‘సక్యులెంట్ మిక్స్’ (నీళ్లు దాచుకునే దళసరి ఆకుల మొక్కలకని కలిపిన మట్టి) అని 5 కిలోల సంచులు అమ్ముతున్నారు. అలాంటి కుండీ మొక్కే జేడ్; దాని ఆకులు రాలడం మొదలైతే చాలామంది పరుగున వెళ్లి తెచ్చుకునేది ఇదే. తెచ్చుకోవడంలో తప్పులేదు. సంచి విప్పి నేరుగా కుండీలో నింపేస్తేనే చిక్కు.

గుప్పెడు మిక్స్‌ని తడిపి పిడికిట్లో గట్టిగా పిండి చూడండి. పిడికిలి తెరిచాక లడ్డూలాగా నిలబడితే అందులో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మోతాదు ఎక్కువని అర్థం. జేడ్‌కి కావలసిన మట్టయితే పలుకులు పలుకులుగా రాలిపోవాలి. ఈ సంచుల్లో చాలావాటి కూర్పు ఇంచుమించు ఒకటే: కోకోపీట్, వర్మీకంపోస్టు, కొంచెం ఇసుక, తెల్లగా కనబడేంత పెర్లైట్ (తేలికపాటి తెల్లని రాతి గుళికలు). కోకోపీట్ తన బరువుకు ఎన్నో రెట్ల నీళ్లు పట్టి ఉంచుతుంది. బంతికీ చామంతికీ అది మేలే. జేడ్ అలా కాదు. ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది, ఆకురంధ్రాలు ప్రధానంగా రాత్రిపూటే తెరుస్తుంది, కాబట్టి మట్టిలోంచి నీళ్లు చాలా నిదానంగా లాగుతుంది. మట్టి రోజుల తరబడి తడిగా ఉంటే వేర్లకు గాలి ఆడక కుళ్లు పడుతుంది. పైన ఆకు రాలేది ఆ తర్వాతే.

అందుకే మట్టి మార్చే ముందు రాలిన ఆకును చేతిలోకి తీసుకోండి. పసుపు రంగుకు తిరిగి, వెలుతురుకు పెడితే గాజులా కనబడి, నొక్కితే నీరు కారితే నీళ్లు ఎక్కువైనట్టు. పచ్చగానే ఉండి, ముడతలు పడి పల్చబడితే నీళ్లు చాలనట్టు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఆకు ముడతపడింది, కానీ మట్టి తడిగా ఉంది అంటే వేర్లు చచ్చిపోయాయి, నీళ్లు తాగే దారే లేదు. అప్పుడు ఇంకో చెంబు పోస్తే మొక్క పోయినట్టే. ఒక చీపురుపుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్లకు తడి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. నీడ నుంచి ఒక్కసారిగా ఎండలోకి మార్చినా, కొని తెచ్చిన కొత్తలోనూ బాగున్న పచ్చి ఆకులు కొన్ని రాలతాయి; దానికి మట్టి మార్చనక్కర్లేదు. ఆకు మొదళ్ల దగ్గర దూదిలాంటి తెల్లని పిండినల్లి ఉంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి తుడిచేయండి.

కాడను మట్టికి దగ్గరగా గోటితో నొక్కండి. గట్టిగా ఉంటే మొక్క బతుకుతుంది. మెత్తబడి ఉంటే ఎంత మంచి మిక్స్ పోసినా దండగ. పదునైన బ్లేడుతో, కోత ముఖం మీద గోధుమ రంగు మచ్చ ఒక్కటి కూడా లేనంత పైకి కోసి, ఆ కొమ్మను నీడలో 5–7 రోజులు ఆరబెట్టి, పొడి మట్టిలో కొత్తగా నాటుకోవాలి.

కాడ గట్టిగా ఉన్న మొక్కకు ఈ సంచి పనికొస్తుంది. మిక్స్ ఒక పాలు, 3–5 మిల్లీమీటర్ల గట్టి పలుకులు ఒక పాలు, కొలత డబ్బాతోనే గానీ బరువుతో కాదు. పలుకులకు ఇటుక ముక్కలు చితక్కొట్టి జల్లించినవి బాగుంటాయి. రోబో ఇసుకైతే పొడంతా జల్లెడ పట్టి పైన మిగిలింది మాత్రమే వాడాలి. సన్న ఇసుక కలపొద్దు, అది సందులన్నీ పూడ్చేసి మట్టిని ఇంకా గట్టిపరుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, వానాకాలంలో ఎక్కడైనా, పలుకులు రెండు పాళ్లు వేయండి. అనంతపురం ఎండలకు ఒక పాలు చాలు. పెర్లైట్ దుమ్ము ముక్కులోకి పోకుండా కలిపే ముందు కాస్త నీళ్లు చిలకరించండి.

ఏ సంచి మీదా కనబడని సంగతి ఇంకొకటి: నర్సరీ మొక్క వేర్ల చుట్టూ ఉండే జిగట ఎర్రమట్టి ముద్ద. దాన్ని అలాగే కొత్త మిక్స్‌లో దింపితే పోసిన నీళ్లు చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి జారిపోతాయి. ముద్ద ఎండితే లోపలికి చుక్క దిగదు, తడిస్తే వారాలైనా ఆరదు. ముద్దను రెండు మూడు రోజులు ఆరనిచ్చి వేళ్లతో మెల్లగా రాల్చేయండి. నల్లబడి, లాగితే తొక్క ఊడి వచ్చే వేర్లు కత్తిరించి, నీడలో మరో రెండు రోజులు ఉంచి పొడి మిక్స్‌లో నాటండి. మొదటి నీళ్లు 5–7 రోజుల తర్వాతే. అప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. మళ్లీ ఎప్పుడు పోయాలో చీపురుపుల్ల చెబుతుంది.

ధర విషయానికొస్తే, రెండు మూడు కుండీలున్నవారికి సంచి సుఖమే. పది దాటితే కోకోపీట్ ఇటుక, వర్మీకంపోస్టు విడిగా కొని కలుపుకోవడం చవక, పాళ్లు కూడా మన చేతిలో ఉంటాయి. కొనేటప్పుడు కిలోలు చూసి మోసపోకండి, తడి కోకోపీట్ తూకం పెరుగుతుంది. ఎన్ని లీటర్లో రాసి ఉన్న సంచి తీసుకోండి. విప్పగానే బూజు వాసన వచ్చినా, సన్న నల్ల దోమలు లేచినా ఒక పూట ఎండలో పరిచి ఆరబెట్టాకే వాడండి.

ఆకులన్నీ రాలి మోడైన కొమ్మను చూసి పారేయొద్దు. గట్టిగా ఉన్నంతకాలం ఆకు రాలిన గీతల దగ్గర నెల, నెలన్నరలో ఆవగింజంత పచ్చని చిగుళ్లు పుట్టుకొస్తాయి. అవి కనబడేదాకా ఎరువు జోలికి వెళ్లకండి.