పలమనేరు మిద్దెపై డ్రాగన్ ఫ్రూట్: ఏడేళ్ల కుండీల పెంపకం తర్వాత

మా మిద్దెపై ఇప్పుడున్న ఆరు డ్రాగన్ ఫ్రూట్ మొక్కల్లో 2018 ఆగస్టులో నాటినది ఒక్కటే మిగిలింది. అప్పుడు తిరుపతిలోని అక్క ఇంటి నుంచి మూడు కొమ్మ ముక్కలు తెచ్చి, మూడు కుండీల్లో నాటాను. ఒకే తల్లిమొక్క కొమ్మలు అక్కడ కొన్ని, ఇక్కడ కొన్ని పెరుగుతున్నందువల్ల, మొగిలి ఘాట్ ఎక్కి వచ్చాక ఈ మొక్క నడత ఎలా మారుతుందో పక్కపక్కన పెట్టి చూసే వీలు నాకు దొరికింది. పలమనేరు సముద్రమట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంది. పుష్యమాసంలో మా వరండాలోని థర్మామీటరు తెల్లవారుజామున 13 డిగ్రీలకు దిగడం మామూలే. ఆ రోజుల్లోనూ అక్కావాళ్ల ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

చలి ఈ మొక్కను చంపుతుందని నాటేటప్పుడు చాలామంది హెచ్చరించారు. మా ఊరి చలి ఒక్కటే ఏ మొక్కనూ చంపలేదని, చలితో పాటు తడి కూడా చేరితే మాత్రం వారం రోజుల్లోనే మొక్క పోతుందని నాకు 2021 నవంబరులో తెలిసింది. తిరుపతిని వరద ముంచెత్తిన ఆ వారమంతా మా ఊళ్లోనూ ముసురు వీడలేదు. తేమ నిలుస్తుందన్న ఆశతో నేను కుండీల్లో సగానికి సగం కొబ్బరి పొట్టు కలిపి ఉన్నాను. అది పీల్చుకున్న నీరు ఎండ లేక ఆరలేదు. చలికి ఎదుగుదల మందగించిన మొక్క ఆ నీటిని వాడుకోనూ లేదు. రెండు మొక్కల కాండాల అడుగున ముందు నీరు తాగినట్టు మచ్చలు కనిపించాయి, తర్వాత అవి పసుపు రంగుకు తిరిగాయి, చివరికి వేలితో నొక్కితే లోపలి ఈనె తప్ప కండంతా జారిపోయింది. మెట్లగది సన్‌షేడ్ కింద ఉన్న మూడో మొక్క అదే చలిని భరించినా, వాన నేరుగా పడకపోవడం వల్ల దానికి ఏమీ కాలేదు. కుళ్లు చేరని పై కొమ్మలను కోసి, నీడలో పది రోజులు ఆరబెట్టి, కోత గట్టిపడ్డాక ఇసుక ఎక్కువగా ఉన్న మట్టిలో నాటాను. వాటిలో మూడు ఈనాటికీ కాస్తున్నాయి.

అప్పటి నుంచి నా మట్టి కలపడమే మారిపోయింది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు వేసి, కుండీకి రెండు గుప్పిళ్ల వేపపిండి కలుపుతున్నాను. ఇది కాక్టస్ జాతిదే అయినా ఎడారి మొక్క కాదు. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లను పట్టుకుని పైకి పాకే మొక్క కాబట్టి దీనికి ఎరువూ కావాలి, నీరూ కావాలి, కానీ ఆ నీరు వేళ్ల దగ్గర నిలవకూడదు. ఎండాకాలంలో రెండు మూడు రోజులకొకసారి నీరు పోస్తాను. కార్తీకం నుంచి సంక్రాంతి వరకు పదిహేను రోజులకొకసారి, అదీ మట్టిలోకి పుల్ల గుచ్చి చూసి పొడిగా వస్తేనే పోస్తాను. ముసురు రోజుల్లో కాండం చుట్టూ ప్లాస్టిక్ పట్టాను గుడిసెలా కట్టి కుండీ నోటిని కప్పుతాను.

కుండీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మట్టిపనికి పేరున్న ఊరు కాబట్టి మొదట మా ఊరి కుమ్మరుల దగ్గరే పెద్ద మట్టికుండీలు కొన్నాను. వాటి గోడల గుండా తేమ ఆవిరవుతుంది; వానాకాలంలో ప్లాస్టిక్ కుండీ కన్నా రెండు రోజులు ముందే మట్టి ఆరుతుంది. మొదటి రెండేళ్లకు వాటిని మించినవి లేవని నా అభిప్రాయం. అయితే నాలుగో ఏడు వచ్చేసరికి తల బరువెక్కిన మొక్క ఆషాఢం గాలికి ఊగి, ఒక కుండీ నిలువునా చీలింది. అందుకని పెద్ద మొక్కలను 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి, అడుగున ఎనిమిది రంధ్రాలు పెట్టి, పెంకు ముక్కలు పరిచి, వాటిలోకి మార్చాను. తోటల్లో మొక్క పాకడానికి రాతి కూసం (స్తంభం) పాతుతారు కానీ మిద్దె ఆ బరువు మోయదు. నాలుగు అంగుళాల పీవీసీ గొట్టంలో కాంక్రీటు నింపి, దానికి గోనెపట్టా చుట్టి, పైన పాత స్కూటరు టైరు బిగించాను. తడిపిన గోనెను కాండం నుంచి పుట్టే గాలివేళ్లు గట్టిగా పట్టుకుంటాయి. కాండం టైరును చేరేదాకా పక్క పిలకలన్నీ తీసేసి, చేరాక కొన తుంచితే, కొమ్మలు చుట్టూ కిందికి వేలాడి వాటి మీదే పూత వస్తుంది.

అక్క ఇంట్లో మే నెలలోనే మొగ్గలు కనిపిస్తాయి. మాకు జూన్ సగం దాటాలి. అక్కడ పువ్వు విరిసిన 30 రోజులకు పండు కోతకు వస్తే, ఇక్కడ ఆగస్టులో 37 రోజులు, అక్టోబరు పూతకు 48 రోజుల దాకా పట్టింది. గత ఏడాది అక్క మొక్క 26 పండ్లు ఇచ్చింది, అదే వయసున్న మా మొక్క 17 ఇచ్చింది. అయినా నాకు చింత లేదు, ఎందుకంటే మే ఎండకు అక్కడి కొమ్మలు పసుపెక్కి మాడిపోకుండా ఏటా నీడవల కట్టాల్సి వస్తుంది, ఇక్కడ ఆ అవసరం ఒక్కసారీ రాలేదు. ఆలస్యంగా పండిన మా కార్తీకం పండ్లలో తీపి ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు.

ఎర్ర కండ రకం కోసం 2022లో ఒక నర్సరీలో రెండు మొక్కలు కొన్నాను. వాటంతట అవే కాస్తాయని గట్టిగా చెప్పి అమ్మారు. రెండేళ్ల తర్వాత పూసిన పదకొండు పువ్వులూ వారం తిరగకముందే పసుపెక్కి రాలిపోయాయి. ఎర్ర రకాల్లో చాలావాటికి వేరే మొక్క పుప్పొడి కావాలన్న సంగతి కొనేటప్పుడే చెప్పి ఉంటే ఒక కాపు దక్కేది. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పెంచుకునే మొక్కకు ఇది దగ్గరి చుట్టం. పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుని, ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. ఇప్పుడు రాత్రి పది గంటలకు టార్చితో మిద్దె ఎక్కి, మా పాత మొక్కల (తెల్ల కండ రకం) పుప్పొడిని చిన్న స్టీలు డబ్బాలోకి దులిపి, మెత్తని కుంచెతో ఎర్ర రకం పువ్వు కీలాగ్రానికి (పుప్పొడిని అందుకునే నడిమి భాగానికి) అద్దుతున్నాను. అప్పటి నుంచి పదిలో ఎనిమిది నిలుస్తున్నాయి. తుంపర రాత్రుల్లో పువ్వు మీద గొడుగు కట్టడం తప్పదు, పుప్పొడి తడిస్తే పనికిరాదు.

చీమలు, పిండినల్లి వేపనూనెకు లొంగాయి. పిట్టలకు మాత్రం పండు రంగు తిరగగానే గుడ్డసంచి తొడగాల్సిందే. ఈ పండు కోశాక ఇక తీపెక్కదు కాబట్టి, ఎర్రబడిన తర్వాత మరో నాలుగైదు రోజులు మొక్క మీదే ఉంచి కోస్తాను. బజారు పండు చప్పగా ఉందని ఈ పంటనే వదిలేసిన మా పక్కింటి పెద్దాయన, అలా కోసిన పండు తిన్నాక నా దగ్గర రెండు కొమ్మలు అడిగి తీసుకున్నారు. వాటిని చలి తగ్గాక, మాఘమాసంలో నాటమని చెప్పాను. అప్పటిదాకా అవి ఆయన వరండాలో పాత పేపరు మీద ఆరుతూ ఉంటాయి.