జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు: కమ్యూనిటీ కాలేజీలోనా, యూనివర్సిటీలోనా?

కాలిఫోర్నియాలో ఏ డిగ్రీ చదివినా, సుమారు 120 యూనిట్లలో (క్రెడిట్లలో) కొంత భాగాన్ని రచన, గణితం, విజ్ఞానం, కళలు, సామాజిక శాస్త్రాల వంటి జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులకు కేటాయించక తప్పదు. వీటిని నేరుగా యూనివర్సిటీలో చదవవచ్చు, లేదా ముందు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాత యూనివర్సిటీకి బదిలీ కావచ్చు. ఇంటర్‌లోనే గ్రూపు ఎంచుకునే మన విద్యార్థులకు ఇది వృథాగా తోచవచ్చు గానీ, ఆధారాలతో వ్యాసం రాయడం అలవడేది ఈ తరగతుల్లోనే అని నా నమ్మకం.

ఖర్చు: కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు, ఎఫ్-1 వీసాదారులు దానికి తోడు నాన్‌రెసిడెంట్ ట్యూషన్ కూడా కట్టాలి. యూనివర్సిటీ ఫీజు ఇంతకంటే చాలా ఎక్కువ.

శ్రమ: కమ్యూనిటీ కాలేజీ నుంచి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకు బదిలీ అయ్యేవారి కోసం 2025 నుంచి అమలవుతున్న జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల ప్రణాళిక కాల్-జీఈటీసీ ప్రకారం 34 యూనిట్లు, ప్రతి కోర్సులో కనీసం సి గ్రేడుతో, బదిలీకి ముందే ముగించవచ్చు. యూనివర్సిటీలో వాటిని నాలుగేళ్లకూ సర్దుకోవచ్చు.

రిస్కు: అసలు చిక్కు ఇక్కడే. ఇంజనీరింగ్ కోరుకునేవారు ఈ కోర్సులనే ముందు పూర్తిచేసి, కాల్‌క్యులస్, ఫిజిక్స్‌లను వాయిదా వేస్తే, బదిలీ అవకాశమే దెబ్బతింటుంది. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైటులో ముందే సరిచూసుకోవాలి.

రాష్ట్ర నివాసులై, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఇంకా తేల్చుకోనివారికి కమ్యూనిటీ కాలేజీ మేలు. మేజర్ ఖాయమై, స్కాలర్‌షిప్ కూడా దొరికినవారు నేరుగా యూనివర్సిటీలో చేరడమే మంచిది.