కొత్త ఇండీ ఆల్బమ్‌ల ‘ప్యాక్’ కొంటున్నారా? విజయనగరం, శ్రీకాకుళం శ్రోతలకు జాగ్రత్త హెచ్చరిక

మిత్రులారా, మన రెండు జిల్లాల్లో ఇండీ సంగీతం (పెద్ద కంపెనీల ఆసరా లేకుండా బృందాలు సొంతంగా చేసుకునేది) వింటూ, ఇష్టమైన ఆల్బమ్‌లను సీడీగానో వినైల్ రికార్డుగానో (పాత గ్రామఫోన్ పళ్లెం లాంటిది) కొని దాచుకునే వారందరూ దయచేసి ఇది చదవండి. ‘ఈ నెల కొత్త ఆల్బమ్‌లు, అన్ని బ్యాండ్లవీ ఒకే ప్యాక్‌లో’ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. విజయనగరం వారికి కనిపించే దానిలో గంటస్తంభం బొమ్మ ఉంది, శ్రీకాకుళం వారికి కనిపించే దానిలో ఏడురోడ్ల కూడలి బొమ్మ ఉంది. ఆ ప్యాక్‌కు డబ్బు కట్టకండి. నేను కట్టాను, శ్రీకాకుళంలో ఉన్న నా మిత్రుడూ కట్టాడు. మాకు వచ్చినవి నకిలీ డిస్కులు. రావలసిన రికార్డు రానే లేదు.

ప్యాక్‌లో నాలుగు బ్యాండ్ల కొత్త సీడీలు, మరో బ్యాండ్ వినైల్ రికార్డు ఒకటి అన్నారు. ధర 5,800 రూపాయలు, ఇంటికి చేర్చడం ఉచితం. ఆ బ్యాండ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఈ మోసంతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు, పైగా వాళ్లూ నష్టపోయినవారే. వెతుకుతూ వచ్చినవారికి ఆ పేర్ల పక్కన ‘నకిలీ’ అన్న మాట కనిపించడం నాకు ఇష్టం లేదు. ఒకటి కేరళది, రెండు ఢిల్లీవి, ఒకటి షిల్లాంగ్‌ది, ఇంకొకటి హైదరాబాద్ నుంచి తెలుగులో పాడే బృందం.

మన దగ్గర ఇలాంటి సంగీతాన్ని డిస్కుగా అమ్మే దుకాణం లేదు. ఇండియన్ ఓషన్, అవియల్, థైక్కుడం బ్రిడ్జ్, అగం, పీటర్ క్యాట్ రికార్డింగ్ కో., మన చౌరస్తా, నిరవల్ వంటి బృందాలను ఫోనులో ఎవరైనా వినవచ్చు. చేతిలో పట్టుకునే డిస్కు కావాలంటే మాత్రం పోస్టులో తెప్పించుకోవాల్సిందే. అందులోనూ ఒక చిక్కుంది. చాలా బృందాలు బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైటు ద్వారా నేరుగా శ్రోతలకు అమ్ముతాయి, అక్కడ కళాకారులకు డబ్బు పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవ ద్వారా చేరుతుంది. పేపాల్ మన దేశంలోపలి చెల్లింపులను 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. దాంతో విదేశంలో ఉన్న అభిమాని సులభంగా కొనుక్కునే భారతీయ బృందం ఆల్బమ్‌ను విజయనగరంలో ఉన్నవాడు కొనడం కష్టమైంది. ‘మీకు ఆ ఇబ్బంది లేదు, మేమే బ్యాండ్ల దగ్గర తీసుకుని యూపీఐతో ఇస్తాం’ అని ఈ పేజీవారు రాసింది సరిగ్గా ఈ లోటును చూసే. అభిమానికి ఎక్కడ కొరత ఉందో బాగా తెలిసిన మనిషి చేసిన పని ఇది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పెట్టె వచ్చింది. కవర్లు తళతళలాడుతున్నాయి. డిస్కును తిప్పి చూస్తే అడుగుభాగం నీలంగా ఉంది. కర్మాగారంలో అచ్చు వేసిన సీడీలో అల్యూమినియం పొర ఉంటుంది, కాబట్టి అడుగు వెండి రంగులో మెరుస్తుంది. కంప్యూటర్లో రాసుకునే ఖాళీ సీడీలో రంగుద్రవ్యం పొర ఉంటుంది, నీలం, ఆకుపచ్చ ఛాయలు అక్కడి నుంచే వస్తాయి. నాలుగింటికీ అదే నీలం. అచ్చు సీడీ మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో చిన్న అక్షరాలతో ఒక సంఖ్య ఉంటుంది. చాలాసార్లు కవరు వీపున ముద్రించే క్యాటలాగ్ సంఖ్యే అక్కడా కనిపిస్తుంది. మాకు వచ్చిన నాలుగు డిస్కుల మీదా ఖాళీ సీడీ తయారీదారు సంఖ్య తప్ప ఏమీ లేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఖాళీ సీడీల మీద రాసి అమ్మే చిన్న బృందాలు నిజంగానే ఉన్నాయి. కొద్ది కాపీల కోసం కర్మాగారానికి వెళ్లే స్తోమత వారికి ఉండదు, ఆ విషయం ముందే రాసి, తక్కువ ధరకు, చేత్తో సంతకం చేసి ఇస్తారు. అలాంటివి నా దగ్గర ఉన్నాయి, ఎంతో ఇష్టంగా దాచుకున్నాను. కాబట్టి నీలం అడుగు కనిపించగానే దొంగ సరుకు అని తేల్చేయకండి. అచ్చు సీడీ అని చెప్పి, అచ్చు సీడీ ధర తీసుకుని, ఇది పంపితేనే మోసం.

మా ఊరి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్న ఒక తమ్ముడు ఆ సాయంత్రం మా ఇంట్లోనే ఉన్నాడు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ఉండి, తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిపిన కళాశాల అది. అక్కడి పిల్లల చెవిని తేలికగా తీసుకోకూడదు. రెండో పాట సగంలోనే ‘అన్నయ్యా, ఇది సీడీలోంచి రావాల్సిన శబ్దం కాదు. ఆ తాళాల మోత వినండి, నీళ్లలో మునిగి మోగుతున్నట్టుంది’ అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. డిస్కులోని పాటను కంప్యూటర్లోకి తీసి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే పాటలో శబ్దం ఎంత ఎత్తు స్వరాల వరకు ఉందో చూపే బొమ్మ, చూశాం. సీడీ శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి నమోదు చేస్తుంది, అందువల్ల దాదాపు 22,000 హెర్ట్జ్ వరకు శబ్దం పట్టగలదు. మాకు వచ్చిన పాటలన్నీ 16,000 హెర్ట్జ్ దగ్గర గీత గీసి నరికినట్టు ఆగిపోయాయి. తక్కువ నాణ్యత గల ఎంపీ3 చేసినప్పుడు ఇలా జరుగుతుంది. ఎక్కడో దింపుకున్న ఎంపీ3 పాటలనే సీడీలోకి ఎక్కించి అమ్మారన్నమాట.

ఇంకో ఆనవాలు కూడా ఉంది, దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. వాటిలో ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా తెంపు లేకుండా సాగాలి, ఒక పాట తోకలోంచే తరువాతి పాట పుట్టాలి. మాకు వచ్చిన డిస్కులో పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంది. ఇంట్లో కూర్చుని సీడీ రాసేటప్పుడు అమరిక మార్చకపోతే పడే ఖాళీ అది. ఆల్బమ్‌ను ఒక్క ఊపిరిలో కట్టిన మనుషుల శ్రమను అలా ముక్కలు చేసి నా చేతికి అమ్మడం నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

అన్నిటికంటే దారుణం నాలుగో డిస్కు. ఆ బృందం ఆల్బమ్ ఇంకా విడుదలే కాలేదు. మూడు పాటలు మాత్రమే విడిగా వచ్చాయి. ఈ డిస్కులో ఆ మూడింటికి తోడు పాత కచేరీల వీడియోల నుంచి లాగిన శబ్దం నింపి, లేని పాటలకు పేర్లు కల్పించి కవరు మీద ముద్రించారు. బృందానికి సందేశం పంపితే వాళ్లే జవాబు ఇచ్చారు: సీడీ వేయించనే లేదట, వేయించే ఆలోచన కూడా ఇప్పుడు లేదట. ఇలాంటి కథ కొత్తది కాదని కూడా వాళ్లు చెప్పారు. బ్యాండ్లు ప్రేమతో ఉచితంగా ఇచ్చినవీ ఇలాంటివారికి సరుకే. 2010లో ఇండియన్ ఓషన్ తన ఆల్బమ్ పాటలను నెలకొకటి చొప్పున అందరికీ ఉచితంగా డౌన్‌లోడ్‌కు ఇచ్చింది. అలా ఇచ్చినదాన్ని డిస్కులో ఎక్కించి అమ్ముకునేవారిని ఏమనాలి?

ఇక వినైల్ రికార్డు. దానికి ఇచ్చిన ట్రాకింగ్ సంఖ్యను తెరిచి చూస్తే, వేరే రాష్ట్రంలో ఎవరికో ఎప్పుడో అందిన పార్సిల్ వివరాలు వచ్చాయి. అడిగితే ‘పోస్టాఫీసు పొరపాటు’ అన్నారు, తరువాత జవాబు మానేశారు, ఆ తరువాత పేజీ పేరే మారింది. అసలు ఆ ప్రకటనలోనే ఒక అసాధ్యం దాగి ఉంది. డెబ్బై నిమిషాల ఆల్బమ్‌ను ఒకే రికార్డు మీద ఇస్తామన్నారు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పన్నెండు అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు పడితే శబ్దం బాగుంటుంది. అంతకు మించి ఎక్కిస్తే గాడులు ఒకదానికొకటి మరీ దగ్గరగా పడి శబ్దం బలహీనపడుతుంది. డెబ్బై నిమిషాలకు రెండు రికార్డులు వేయడమే రివాజు. ఎవరైనా అంత నిడివిని ఒక్క రికార్డులో అమ్ముతుంటే అక్కడే ఆగి ప్రశ్న వేయండి. ఇంకొకటి, వినైల్ అచ్చుకు నెలలు పడుతుంది. నిజమైన బృందం ముందస్తు బుకింగ్ తీసుకుంటే ‘ఫలానా నెలలో పంపుతాం, ఆలస్యం కావచ్చు’ అని రాస్తుంది. ‘ఆల్బమ్ విడుదలైన వారానికే రికార్డు మీ ఇంట్లో’ అన్న హామీ బృందం నోట వస్తేనే నమ్మండి.

డబ్బు కట్టే ముందు చేయాల్సిన అతి ముఖ్యమైన పని ఒక్కటే. ఆ బ్యాండ్ సొంత పేజీకి సందేశం పంపి ‘వీళ్లు మీ ఆల్బమ్ అమ్ముతున్నారా’ అని అడగండి. చిన్న బృందాలు తప్పకుండా జవాబిస్తాయి, వాళ్లకు ప్రతి శ్రోతా ముఖ్యమే. ఐదు బృందాల్లో ఒక్కటి కాదన్నా ప్యాక్ మొత్తం వదిలేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ పేజీకైనా ‘ఈ ఖాతా గురించి’ అనే చోట అది ఎప్పుడు మొదలైందో, పేరు ఎన్నిసార్లు మార్చుకుందో కనిపిస్తుంది. యూపీఐలో డబ్బు పంపే ముందు తెర మీద వచ్చే పేరు సంస్థదా, ఎవరో వ్యక్తిదా చూడండి. 2020 నాటి ఈ-కామర్స్ (ఆన్‌లైన్ వ్యాపార) నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు బహిరంగంగా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ పేజీలో చిరునామా అనేదే లేదు.

డిస్కు కవరు మీద ఏం ఉండాలో కూడా చట్టం చెబుతోంది. కాపీరైట్ చట్టం, 1957లోని 52ఎ సెక్షన్ ప్రకారం ప్రతి సంగీత రికార్డు మీద, దాని కవరు మీద రికార్డు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, తొలిసారి ప్రచురించిన సంవత్సరం ఉండి తీరాలి. మాకు వచ్చిన వాటి మీద ఒక్క చిరునామా లేదు. అది లేని డిస్కును చూడగానే అమ్మినవాడిని నిలదీయవచ్చు.

ఇప్పటికే ప్యాక్ బుక్ చేసినవారు పెట్టె తెరిచేటప్పుడు మొదటి కత్తెర పడిన దగ్గర నుంచి వీడియో తీయండి. చెల్లింపు రసీదు, సంభాషణలు, ప్రకటన, అన్నీ తెర ఫొటోలుగా దాచుకోండి. పేజీ రేపటికి మాయం కావచ్చు. డబ్బు పంపి కొద్ది గంటలే అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. క్రెడిట్ కార్డుతో కట్టినవారు బ్యాంకు ద్వారా చెల్లింపును సవాలు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మినవాడు ఎక్కడో దూరాన ఉన్నాడని వెనక్కి తగ్గకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కొన్నవారు తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది.

ఈ డబ్బు నిజమైన చోటికి చేరి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి. బ్యాండ్‌క్యాంప్‌లో డిస్కు అమ్మితే సంస్థ తీసుకునేది పది శాతం, డిజిటల్ అమ్మకంలో పదిహేను శాతం. మిగిలినదానిలో చెల్లింపు రుసుము పోగా అంతా కళాకారులదే. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా కూడా సంస్థ వదులుకుంటోంది. ఫోనులో వేలసార్లు విన్నా రాని డబ్బు ఒక్క డిస్కుతో ఆ బృందానికి చేరుతుంది. మా 5,800 రూపాయల్లో వాళ్లకు ఒక్క పైసా అందలేదు. కార్డు చెల్లింపు కుదరకపోతే బృందానికే రాయండి. చాలామంది యూపీఐ వివరాలు తామే ఇచ్చి, పోస్టులో పంపుతారు. హైదరాబాద్ బృందం నాకు అలాగే పంపింది, కవరు మీద చిరునామా, సంవత్సరం, అన్నీ ఉన్నాయి, అడుగు వెండి రంగులో ఉంది. విశాఖలో కచేరీ ఉన్నప్పుడు వెళ్లి, వేదిక పక్కన బల్ల దగ్గర వాళ్ల చేతుల మీదుగా కొనడం అన్నిటికంటే మేలు.

శ్రీకాకుళం మిత్రుడూ నేనూ కలిసి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. ఒకే రకంగా నష్టపోయినవారు పలువురు ఉంటే కమిషన్ అనుమతితో ఉమ్మడిగా ఫిర్యాదు వేసే వీలు చట్టంలో ఉంది. ఈ ప్యాక్ కొన్న మన జిల్లాల వారు చెల్లింపు రసీదు, డిస్కు అడుగుభాగం ఫొటో, కవరు వీపు ఫొటో నాకు సందేశంలో పంపండి. బ్యాంకు ఖాతా సంఖ్య, పిన్ వంటివి ఎవరికీ, నాకు కూడా, పంపకండి.